పట్టాల కింద తారు

బొగ్గు లారీలంటే నాకు చచ్చేంత భయం. పినపాక వైపు రోడ్లు పరీక్షించే పనిలో ఉండి లారీలకు జడవడం ఏమిటని మావాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నడిరోడ్డు మీద గొంతుక్కూర్చునేది నేను కదా.

తారు ఎంత ముసలిదైందో చూడటం నా పని. రోడ్డుకు తూట్లు పెట్టను, ముక్క కోయను. చేతియంత్రాన్ని ఆనిస్తే అది కాంతి పంపి, ఎండకూ గాలికీ తారు ఎంత పెళుసుబారిందో అంకెలో చూపిస్తుంది. పెళుసుబారిన తారు వానలకు ఆగదు.

మొన్న వేసవిలో అడవి అంచున ఒక ఊరికి వెళ్లాను. ఎర్ర జెండా చూపి లారీలు ఆపే మనిషి ఆ రోజు రాలేదు. ఒక అవ్వ రోడ్డు వారన పట్టాలు పరిచి వడ్లు ఆరబోస్తోంది. నా బెదురు చూసి ఒక పట్టాను వడ్లతో సహా పక్కకు లాగింది.

"గిక్కడ పెట్టుకో బిడ్డా, లారీలు రావు."

అడగబోయిన వరమే దొరికినట్టు అక్కడే కూర్చున్నాను. అంకెలు బాగా వచ్చాయి.

"రోడ్డు మంచిగున్నదా? మా కోడలికి శ్రావణంల నెలలు నిండుతయ్. పోయిన వానలకు పక్కూరి రోడ్డు పలిగి అంబులెన్సే రాలే."

"మంచిగనే ఉన్నదవ్వా."

ఆమె వెంటనే ఇంటి వైపు తిరిగి కోడలికి కేకేసి చెప్పింది. గడపలో నిలబడ్డ ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

జీపు ఎక్కబోతూ వెనక్కి చూశాను. పట్టా లాగిన చోట తారు నల్లగా నిగనిగలాడుతోంది. తక్కిన రోడ్డంతా తెల్లబారి ఉంది. అప్పుడు అర్థమైంది. ఏటా ఎండలు మండే నెలల్లో వాళ్లు అక్కడే పట్టాలు పరుస్తారు. నీడపట్టున ఉన్న మూలను చూసి నేను రోడ్డంతటికీ మార్కులు వేశాను.

అవ్వ దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఆమె కొంగు నడుములో దోపుకుని, నా ఎర్ర జెండా తీసుకుని లారీలకు అడ్డం నిలబడింది. హారన్ల మధ్య నాలుగు చోట్ల యంత్రం ఆనించాను. నాలుగు చోట్లా చెడ్డ అంకెలే.

"మంచిగ లేదవ్వా. ఈ వానలకు ఆగదేమో."

"గట్లనే రాయి. మంచిగున్నదంటే బాగుచేసెటోళ్లు ఎందుకొస్తరు?" ఇంటి వైపు చూసి గొంతు తగ్గించింది. "పిల్లకు మాత్రం చెప్పకు. భయపడ్తది."

జీపు కదులుతుంటే ఆ పిల్ల చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

రిపోర్టు ఆ సాయంత్రమే పంపాను. ఆషాఢం సగమైంది, పనికి ఇంకా ఎవరూ రాలేదు. మబ్బు పట్టినప్పుడల్లా నాకు ఆ పిల్ల నవ్వే గుర్తొస్తోంది.