ఏం లేదులే

మా పిన్ని ఇరవై ఆరేళ్లుగా ప్రకటనలు రాస్తోంది. సబ్బులు, పరుపులు, కుట్టుమిషన్లు, ఒకసారి తలుపు గడియలు కూడా. ఎక్కడా ఆవిడ పేరు అచ్చవదు. అదే ఆఫీసులో నేను బొమ్మలు వేస్తాను. గడువు దగ్గరపడేసరికి నా బొమ్మ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఆవిడ మాటలే ఉండవు. ఎందుకుంటాయి? ఆవిడ ఆఫీసులో ఉంటే కదా!

ఏ వస్తువు గురించి రాయాలో అది అమ్మే షాపులో ఓ మూల కుర్చీ వేయించుకుని వారం రోజులు కూర్చోవడం పిన్ని పద్ధతి. "నాకు తోచింది రాస్తే నేనే కొనుక్కోవాలి" అంటుంది. వచ్చినవాళ్లని మూడే ప్రశ్నలు అడుగుతుంది. ఇది కొనకముందు ఎలా నెట్టుకొచ్చారు? ఇక లాభం లేదని ఏ రోజున అనిపించింది? కొనడానికి ఇన్నాళ్లూ ఎందుకు వెనకాడారు? వాళ్లు చెప్పింది చెప్పినట్టే, నసుగుడుతో సహా, నోటుపుస్తకంలో కుడివైపు పేజీలో రాసుకుంటుంది. ఎడమ పేజీ తన సొంత అభిప్రాయాలకి. అది ఎప్పుడూ ఖాళీయే. అందుకే అందులో నేను బొమ్మలు గీసుకుంటాను.

అన్నీ అయ్యాక ఆఖరి పరీక్ష మా బాబాయ్ దగ్గర. పేపరు ప్రెస్సులో ముప్పై ఏళ్లు మిషన్ నడిపి రిటైరైన మనిషి. అచ్చుకి పంపేముందు పిన్ని తను రాసింది ఆయనకి చదివి వినిపించేది. బాబాయ్‌కి మెచ్చుకోవడం రాదు, తప్పులు పట్టడమూ రాదు. నచ్చకపోతే "నాకెందుకు?" అంటాడు. నచ్చితే ఏదో ఒకటి అడుగుతాడు: ఆ షాపు ఎక్కడ, ఎంతకిస్తాడు, అని. "నాకెందుకు?" అంటే పిన్ని ఆ కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టేది.

ఆ ప్రెస్సు మిషన్లే బాబాయ్ చెవుల్ని తినేశాయి. రెండేళ్లయింది, పిన్ని ఆయనకి వినిపించడం మానేసి. "నేను గొంతు చించుకుని చదువుతుంటే పక్కింటివాళ్లు కొనుక్కుంటున్నారే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది. చెవి మిషన్ పెట్టించుకోమంటే బాబాయ్ వింటే కదా. "నాకేం చెవుడు లేదు. మీరే నోట్లో గొణుగుతున్నారు" అనేవాడు.

"రిటైరయ్యాక తీరిగ్గా కబుర్లు చెప్పుకోవచ్చనుకున్నానే" అంది పిన్ని ఒకరోజు బస్టాపులో. "ఇప్పుడు ఇంటికెళ్తే టీవీ ఒక్కటే మాట్లాడుతుంది. ఇలాగే ఉంటే ఇంకో ఏడాదికి ఇద్దరం పక్కపక్క గదుల్లో అద్దెకున్నవాళ్లలా అయిపోతాం." ఎప్పుడూ ఎదుటివాళ్ల మాటలే చెప్పే పిన్ని తన మాట చెప్పడం నాకు కొత్త. నేను బస్సు వస్తోందేమోనని రోడ్డుకేసి చూశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే చెవి మిషన్ల షాపాయన మా ఆఫీసుకొచ్చాడు. ప్రకటన ఆయనే రాసుకొచ్చాడు: అతి చిన్న మిషన్, అతి తేలిక, ఎవరికీ కనపడదు. ఆరు నెలలుగా పేపర్లో అదే వేయిస్తున్నాడట, కొత్తగా ఈగ కూడా వాలడం లేదట. పిన్ని నోటుపుస్తకం పట్టుకుని ఆయన షాపులో చేరింది. నాలుగో రోజుకి ఆయనకి ఓపిక నశించింది.

"ప్రకటన రాయమంటే ఇక్కడ కాపురం పెట్టారేంటి మేడం?"

"మీ షాపుకొచ్చేవాళ్లకంటే నేనే నయం కదండీ, రోజూ వస్తున్నాను" అంది పిన్ని.

ఐదో రోజున ఒక వడ్రంగి వచ్చాడు. మిషన్ కొని ఏడాదైంది, అందులో సెల్లు మార్పించుకోవడానికి వచ్చాడు. పిన్ని తన రెండో ప్రశ్న అడిగింది, ఇక లాభం లేదని ఏ రోజున అనిపించిందని.

"వినపడకపోవడం అలవాటైపోయిందమ్మా. 'ఏంటీ?' అని అడిగితే మావాళ్లు 'ఏం లేదులే' అంటారు చూడు, అది మాత్రం అలవాటు కాలేదు. ఒకరోజు లెక్కపెట్టా. పొద్దున్నుంచి పడుకునేదాకా పదకొండుసార్లు. మర్నాడే ఇక్కడికొచ్చా."

పిన్ని వెంటనే పాత పేజీలు తిరగేసింది. అప్పటిదాకా సెల్లుకో రిపేరుకో వచ్చిన పాతవాళ్లు, వడ్రంగితో కలిపి, పందొమ్మిది మంది. వాళ్లలో ఏడుగురు ఇదే మాట చెప్పారు. ఒకరు నవ్వుతూ, ఒకరు విసుక్కుంటూ, ఒక రిటైరైన టీచరు కళ్లద్దాలు తుడుచుకుంటూ. మిషన్ కనపడకుండా ఉండాలని అడిగినవాళ్లు ఇద్దరే. అన్నీ తన చేత్తో రాసుకున్నవే, అయినా అంతవరకూ పిన్ని కంట పడలేదు.

మర్నాడు బొమ్మ గీద్దామని ఆ పుస్తకం తెరిచాను. వడ్రంగి మాటల పక్కన, ఎడమ పేజీలో, ఒకే వాక్యం ఉంది. "ఇవాళ పొద్దున నేను రెండుసార్లు అన్నాను." నేను పుస్తకం మూసేసి, బొమ్మ వేరే కాగితం మీద వేసుకున్నాను.

ప్రకటన ఒక్క గంటలో రాసేసింది. నేను పెద్ద చెవి బొమ్మ వేసిస్తే పక్కన పడేసి, ఎదురెదురుగా రెండు కుర్చీలు వేయమంది. షాపాయన చదివి మొహం చిట్లించాడు. "మిషన్ సైజు రాయలేదేంటి మేడం?" పిన్ని ఆయన్ని రెండ్రోజులు ఆగమంది. ఇంకొకరికి వినిపించాల్సింది ఉందట.

ఆదివారం మధ్యాహ్నం కుర్చీల బొమ్మ పట్టుకుని నేనూ వాళ్లింటికి వెళ్లాను. పిన్ని టీవీ ఆపేసింది. బాబాయ్‌కి ఎడమ చెవి కాస్త నయం, అందుకని అటువైపు స్టూలు లాక్కుని కూర్చుని చదివింది.

"ఏంటీ?" అన్నాడు బాబాయ్.

"ఏం..." అని ఆగిపోయింది పిన్ని. ఆ రెండో మాట ఆవిడ నాలుక చివర ఉందని నాకు తెలుసు. దాన్ని మింగేసి, అరవకుండా, ఒక్కో మాటా విడదీసి మళ్లీ చదివింది.

"'ఏంటీ?' అని మీరు అడుగుతారు. 'ఏం లేదులే' అంటారు ఇంట్లోవాళ్లు. ఏదో ఉంది. మీతో చెప్పాలనే మొదలుపెట్టారు. మా షాపుకి రండి. అదేంటో వినండి."

"ఇంకోసారి" అన్నాడు బాబాయ్. చదివింది. ఆయన ఆపేసిన టీవీకేసి తిరిగాడు. "నాకెందుకు?" అంటాడేమో అనుకున్నాను.

"నా గురించి రాశావా?"

"ఏడుగురి గురించి రాశానండీ. మీరు ఎనిమిదోవారు" అంది పిన్ని.

బాబాయ్ కాగితం తీసుకున్నాడు. ప్రెస్సులో అలవాటుకొద్దీ చేతులు బారచాపి, పైనుంచి కిందిదాకా చూశాడు.

"షాపు ఎన్నింటికి తీస్తారో వేయలేదు" అన్నాడు.

"పదింటికి" అంది పిన్ని.

ఆయనకి వినపడలేదు. పిన్ని మళ్లీ చెప్పింది.