తాడు వదలమన్న కాక

లస్కరు కాక పోయాడని మంగళవారం పొద్దున్నే మా బావ సైకిలేసుకొచ్చి చెప్పాడు. క్యాంపులో ఆ కబురు విన్న ప్రతి మనిషీ బావని ఒక్కటే ప్రశ్న అడిగారు: "కాలవలోనా?"

కాదు. మంచంలో. నాలుగు రోజులు జ్వరం, ఐదో రోజు తెల్లారేసరికి నిద్రలోనే. పొడి బట్టల్లో, పొడి దుప్పటి కింద, నేలకి మూరెడు ఎత్తున. తుంగభద్ర నీళ్లు మా వైపు వచ్చిన నాటినుంచీ కాలవగట్టు మీదే కాపురం ఉన్న మనిషి ఇంత పొడిగా వెళ్లిపోవడం మామూలు సంగతి కాదని నా అభిప్రాయం. నా అభిప్రాయాలకి మా ఇంట్లో పెద్ద గిరాకీ లేదు గానీ, బి.ఎస్సీ. రెండు దఫాలు రాసి మరీ పాసయినవాణ్ణి కనుక మీరు కొంచెం మర్యాదగా వినవచ్చు.

తెలియని పాఠకులకి ముందుగా రెండు ముక్కలు. మా పెద్దవాళ్లు కోస్తాలో ఉన్న కాస్త చేనూ చెక్కా అమ్ముకుని, నీళ్లొస్తున్నాయని విని రాయచూరు జిల్లా మాన్వి తాలూకాకి వచ్చి గుడిసెలు వేశారు. గుడిసెలు పెంకుటిళ్లయ్యాయి, పేరు మాత్రం ఇంకా క్యాంపే. లస్కరు అంటే సర్కారు పెట్టిన కాలవ కాపరి. తలుపులు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా చూడడం ఆయన పని. మా కాకది మల్లట్ వైపు పల్లె. నాలుగు మైళ్ల కాలవ ఆయన కింద ఉండేది. తెలుగువాడే, అయితే ఆయన తెలుగులో కొంత ఉర్దూ, కొంత కన్నడం, మిగతాదంతా బెదిరింపు. బాబాయిని 'కాక' అనడం మేము ఆ ఊరివాళ్ల దగ్గరే నేర్చుకున్నాం.

ఆయనకో సైకిలుండేది. దాని గంట మోగేది కాదు. అందుకని ఆయనే నోటితో "ట్రింగ్, ట్రింగ్" అనేవాడు. పొద్దున్నే గట్టు మీద ఒక ఆకు తెంపి కాలవలో పడేసి, దాని పక్కనే నడిచేవాడు. ఆకు ఆయన్ని దాటిపోతే ఆ రోజు పిల్లలెవరూ నీళ్లలోకి దిగకూడదు. ఆయన ఆకుని దాటితే దిగవచ్చు, కానీ ఆయన కంటికి కనబడేలాగే. ఇంజనీర్ల దగ్గర కొలిచే కర్రలూ లెక్కలూ ఉండేవి. మేం మాత్రం ఆకునే నమ్మేవాళ్లం.

నేను పి.యు.సి. చదివే రోజుల్లో కాలవ నిండా నాచూ తుంగా పెరిగి నీళ్లు కదలక, డిపార్టుమెంటు వాళ్లు ఒక ఇంజను పడవ పంపించారు. రేకు పడవ. ఇద్దరు కూలీలు పగలంతా అందులో నిలబడి తుంగ కోసేవారు, కాక నడిపేవాడు. సాయంత్రం కూలీలు దిగిపోయాక డ్రాపు దగ్గరనుంచి పైన తలుపుల దాకా ఖాళీ పడవని ఏటికి ఎదురుగా తీసుకెళ్లి కట్టేసేవాడు. డ్రాపు అంటే కాలవ ఒక్కసారిగా కిందికి దూకే చోటు. కింద రాయి, ఆ రాయి చుట్టూ సుడి. అక్కడికి గేదెలు కూడా వెళ్లవు.

ఇంజను పడవ వెనక లేచే అల చూసిన మా క్యాంపు మేధావులకి ఒక ఆలోచన వచ్చింది. దమ్ము చేశాక చేను చదును చెయ్యడానికి ఎడ్ల వెనక కట్టే బల్ల ఉంటుంది కదా, మేం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దాని మీద నిలబడే పెరిగాం. బురదలో నిలబడ్డవాడు నీళ్లలో నిలబడలేడా? ఒక సాయంత్రం తుంగ చాటున దాక్కుని, పడవ వెళ్తుంటే బావ ఈదుకెళ్లి వెనకున్న కొక్కేనికి తాడు తగిలించాడు. తాడు రెండో కొస పట్టుకుని నేను బల్ల మీద నిలబడ్డాను. నాలుగు క్షణాలు నేను రాయచూరు జిల్లా చక్రవర్తిని. ఐదో క్షణానికి ఇంజను ఆగింది.

కాక గడతో పడవని ఒడ్డుకి ఆనించి, వెనక్కి తిరిగాడు.

"ఏందిరా గిది?"

"బల్ల, కాకా."

"బల్ల నాకు గూడ అగుపిస్తున్నది. దాని మీద ఏంది?"

"నేను, కాకా. పి.యు.సి."

"నీళ్లకు సదువు రాదుర. నీ సర్టిఫికెట్టు జూపెట్టినా అది ఊకోదు."

తిడతాడనుకున్నాం. ఆయన పడవలోంచి చేతి లావు తుంగ కట్ట తీసి, ఇంజను మళ్లీ తిప్పి, నీళ్లలో తిరిగే ఇనప రెక్కల పక్కన పడేశాడు. ఆయన దాన్ని 'పంక' అనేవాడు. కట్ట ఒక్కసారి లోపలికి పోయి, పచ్చడై పైకి తేలింది.

"నీ కాలు తుంగ కన్న గట్టిదా?" అన్నాడు కాక.

మేమిద్దరం కాళ్లు దగ్గరికి లాక్కున్నాం.

"నేను వొద్దంటే మానుతరా?"

మా జీవితంలో మొదటిసారి నిజం చెప్పాం. "మానం, కాకా."

"మాలూమే. నా కండ్లెన్క ఆడుతరు. డ్రాపు కాడ ఆడుతరు. సస్తరు. గందుకే నా కండ్ల ముంగట ఆడుండ్రి."

ఎందుకలా అన్నాడో తర్వాత నాన్న చెప్పాడు. నీళ్లు వదిలిన మొదటి ఏడు, ఆ పల్లెలవాళ్లు అంత లోతు పారే నీళ్లని ఎన్నడూ చూడనివాళ్లు, కొబ్బరికాయలు కొట్టి పసుపు చల్లి స్వాగతం చెప్పారట. ఆ నెలలోనే కాక అన్నగారి కొడుకు బర్రెని కడగడానికి దిగి డ్రాపులో తేలాడు. బయటికి తీసింది కాకే. ఆ తర్వాతే లస్కరు పని అడిగి చేరాడట. ఈ నాలుగు మైళ్లలో ఇంకో పిల్లాడు పోకూడదు, ఆయనకి కావలసింది అంతే. జీతం సర్కారు ఈ పనికిచ్చిందో లేదో నాకు తెలియదు. ఆయన చేసింది మాత్రం ఈ పనే.

అలా మా సాయంత్రపు విశ్వవిద్యాలయం మొదలైంది. పుస్తకాలు లేవు, ఫీజు లేదు, ప్రిన్సిపాలు బీడీ కాల్చేవాడు. తాడు పన్నెండు బారలకి ఒక వేలు తగ్గినా ఇంజను తిరిగేది కాదు, ఎందుకంటే పంకకి దగ్గరగా ఎవరూ ఉండకూడదు. పడవ ఎప్పుడూ ఏటికి ఎదురే వెళ్లాలి, అప్పుడు పడ్డవాణ్ణి నీళ్లే పంకకి దూరంగా తీసుకుపోతాయి. పడవలో ఇద్దరుండాలి. "ముంగట జూసెటోడు ఒకడు, ఎన్క జూసెటోడు ఒకడు. రెండు మొకాలున్న మనిషి ఇంక పుట్టలే." పడ్డవాడు వెంటనే చెయ్యి పైకెత్తి బతికే ఉన్నానని చూపించాలి. ఇంజను పూర్తిగా ఆగి, పంక నిలిచేదాకా పడవ ఎక్కకూడదు. వెనక అంచు పట్టుకుని వేలాడితే వీపు మీద గడ దెబ్బ. "ఇంజను పొగ మింగుతవ్. నిద్ర వొస్తది. నీళ్లల్ల నిద్ర మంచిది గాదు."

అన్నిటికంటే పెద్ద పాఠం తాడుది. తాడు చివర జానెడు కర్ర కట్టి ఇచ్చాడు. రెండు చేతులతో ఆ కర్ర పట్టుకోవాలి, తాడు మనిషికి ఎక్కడా చుట్టుకోకూడదు, పడుతున్నామని తోచగానే వదిలెయ్యాలి. "పడ్డోనిది తప్పు గాదు. ఇడువనోనిదే తప్పు" అనేవాడు.

ఇక సొరకాయ బుర్రల సంగతి. ఎండిన బుర్రలు రెండు, తాడుతో ఛాతీకి కట్టుకోనిదే బల్ల ఎక్కనిచ్చేవాడు కాదు. కాలవ పక్క చేలల్లో నాట్లు వేసే ఆడవాళ్లు పని ఆపి మరీ నన్ను చూసేవారు. ఒకావిడ, "ఏమిటయ్యా, రెండు కాసిందా పాదు?" అని అరిచింది. ఇంగ్లీషులో వ్యాసం రాసే మనిషికి ఇది భరించదగిన అవమానమా? కాకతో మొర పెట్టుకున్నాను.

"సచ్చినంక అందరు ఏడుస్తరు. బతికున్నప్పుడు నవ్వనీ" అని బుర్రల ముడి ఇంకా బిగించాడు.

ఇన్ని చెప్పినా, పాఠకులారా, మేం రైతు బిడ్డలం. ఎడ్ల వెనక బల్ల మీద నిలబడేవాడికి మా నాన్న నేర్పిన మొదటి నీతి, పగ్గం వదలకూడదు. నువ్వు బురదలో బోర్లా పడ్డా సరే. వదిలితే ఎడ్లు పక్కవాడి నారుమడిలోకి పోతాయి. అందుకే మా ఇళ్లలో ప్రతివాడూ పగ్గాన్ని పిడికిటికి రెండు చుట్లు తిప్పి పట్టుకుంటాడు. అది అలవాటు కూడా కాదు, చేతికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఒక సాయంత్రం నా చెయ్యి ఆ గుణం చూపించింది. నాట్లు వేసేవాళ్ల ముందు ఒంటిచేత్తో నిలబడదామన్న గొప్పకి పోయి, కర్ర వదిలి, తాడునే మణికట్టుకి రెండు చుట్లు తిప్పాను. వెనక చూడవలసినవాడు బావ. బావ ఆ సమయంలో గట్టున ఎవరినో చూస్తున్నాడు. ఆవిడ మా అక్క, అనగా ఇప్పటి బావ భార్య, కాదు. ఇంకెవరో, కనుక పేరు వద్దు. అల ఎదురొచ్చింది. బల్ల నా కింద లేదు.

తాడు వదలమని నాకు తెలుసు. వదలడానికి అది నా చేతిలో లేదు, నా చెయ్యే దానిలో ఉంది. పడవ పైకి లాగుతోంది, కాలవ కిందికి లాగుతోంది, మధ్యలో నా మణికట్టు. నోట్లో నీళ్లు, ముక్కులో నీళ్లు. ఛాతీ మీది బుర్రలు రెండూ నా ముఖాన్ని ఉండి ఉండి పైకి ఎత్తేవి, ఆ క్షణంలో ఒక గుక్క గాలి. చెయ్యెత్తుదామంటే ఉన్న మంచి చెయ్యి మొహం తేల్చుకోడానికే చాలడం లేదు.

బావ చూడలేదు. కాక కూడా చూడలేదు, ఆయన ముందుకి చూస్తున్నాడు. ఇంజను మూలుగు మారిందట. బల్ల మీద మనిషి జారిపోయేటప్పుడు వినిపించే మూలుగు వేరు, మునిగిన మనిషిని ఈడ్చేటప్పటి మూలుగు వేరని తర్వాత చెప్పాడు. వెనక్కి చూడకుండానే ఇంజను ఆపేశాడు. ఆపగానే పడవా నేనూ కలిసి డ్రాపు వైపు జారడం మొదలెట్టాం.

"గడ ఎయ్యి! ఒడ్డుకు గుచ్చు! నీ యవ్వ, గట్టిగ గుచ్చు!" బావ జీవితంలో అంత బలంగా ఏ పనీ చెయ్యలేదు. గడ దిగింది, పడవ నిలిచింది. కాక మోకాళ్ల మీద కూర్చుని ఆ పన్నెండు బారలూ చేతి మీద చెయ్యి వేసి లాగాడు. డ్రాపు హోరు నాకు వినబడుతూనే ఉంది.

ఒడ్డున పడుకోబెట్టి, నేను నీళ్లు కక్కేదాకా ఆగి, తాడుని నా మణికట్టునుంచి మెల్లగా విప్పాడు. చర్మం తాడుతో పాటు కొంచెం వచ్చింది. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

"ఎవడు జెప్పిండుర నీకు గిట్ల సుట్టుమని?"

"నాన్న. ఎడ్ల దగ్గర."

కాక బీడీ తీసి నాలుగు పుల్లలు గీశాడు, ఒక్కటీ దాన్ని అంటించలేదు. బావే వెలిగించి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే "ట్రింగ్, ట్రింగ్" అంటూ మా చేలోకి వచ్చాడు. సర్కారు పడవ వెనక మమ్మల్ని ఆడించానని తానే నాన్నకి చెప్పాడు. ఆ మాట పైవాళ్లకి చేరితే పని పోతుందని ఆయనకి తెలుసు.

"అయ్యా, ఎడ్ల పాఠం వేరు, నీళ్ల పాఠం వేరు. పోరగాడు రెండు కలిపిండు. నిన్న పోతుండె."

నాన్న నా మణికట్టు చూశాడు. కాకని చూశాడు. "అసలు ఈ బల్ల సంగతి నీకు తెలుసా కాకా? ఎక్కు ఒకసారి" అన్నాడు.

కాక ధోవతి ఎగ్గట్టి ఎక్కాడు. పగ్గం పట్టుకున్నాడు. ఎడ్లు నాలుగడుగులు వేశాయి. కాక జారాడు, జారుతూనే తన సిద్ధాంతం ప్రకారం పగ్గం ఠక్కున వదిలేశాడు. ఎడ్లు బల్లతో సహా పక్కింటివాళ్ల నారుమడిలోకి సాఫీగా నడిచాయి.

"వదిలేశాడేంట్రా ఈయన! పట్టండ్రా!" అని నాన్న పరుగు.

బురదలోంచి లేచి కాక, "పడితే ఇడువాలె గద!" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాన్న నారుమడి మధ్యలో నిలబడి నవ్వడం మొదలెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలో నవ్వు ఎంత, నా మణికట్టు ఎంత అనేది నేను అడగలేదు. పడవ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కాకకి ఆ ఏడు కొత్త బియ్యం మా ఇంటినుంచే వెళ్లాయి.

రెండు పంటలు గడిచాక డిపార్టుమెంటు వాళ్లు పడవని వెనక్కి తీసుకుపోయారు. ఈలోగా మా క్యాంపు కుర్రాళ్లలో సగం మంది ఆ బల్ల ఎక్కారు. ఒక్కడూ పోలేదు. ఈ మాట ఎంత మామూలుగా రాశానో చూశారా? ఆయన పని అలాంటిది. సరిగ్గా జరిగితే ఏమీ జరగనట్టే ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం పాడె కాలవగట్టు మీదుగానే తీసుకెళ్లారు. ఆ పల్లెవాళ్లు ముందు, మా క్యాంపువాళ్లు వెనక. నాన్న కొంతదూరం భుజం ఇచ్చాడు. కాలవలో నీళ్లు నిండుగా ఉన్నాయి, ఎండ చురుక్కుమంటోంది, ఆ వేళకి ఎప్పుడూ ఉండేలాగే పిల్లలు నీళ్లలో ఉన్నారు. మా ఊరివాళ్లు, వాళ్ల ఊరివాళ్లు, నాకు పేర్లు తెలియనివాళ్లు. వాళ్లని ఎవరూ పిలవలేదు, ఎవరూ కసరలేదు. పాడెని చూసి ఒకడు గట్టెక్కాడు. వాడి వెనక ఇంకొకడు. చిన్నవాళ్లని పెద్దవాళ్లు చెయ్యిచ్చి లాగారు. తూముల దగ్గరనుంచి, మెట్ల దగ్గరనుంచి అందరూ పైకొచ్చి, కారుతున్న లాగులతో మా వెనకే నడిచారు.

వెనక్కి తిరిగి చూశాను. కాలవలో కనుచూపుమేర ఒక్క తలకాయ లేదు. గట్టు దుమ్ములో తడి పాదాలు వరసగా పడుతున్నాయి, ఎండకి ఆరిపోతున్నాయి, ఆరినచోటే వెనక వచ్చే పిల్లలవి మళ్లీ పడుతున్నాయి.