నోరాకు తీసిన దిష్టి

ఈ ఉదయం మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్‌లోని మా ఇంట్లో కోడలు మనవడికి దిష్టి తీసింది. కిటికీలన్నీ తెరిచినా ఎండుమిరపకాయల ఘాటు పోలేదు. నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. నోరా గుర్తుకు వచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. మస్కట్‌లో నాన్న కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉండేవాళ్లం. పక్కింటి బ్రిటిష్ దంపతుల కూతురు నోరాకు పదహారు. ఆమె రోజూ పెరట్లో ఒంటరిగా ఏడవడం గోడ మీది నుంచి చూసి, భయపడి అమ్మకు చెప్పాను.

"అయ్యో, పిల్లకు దిష్టి తాకింది," అంటూ అమ్మ ఆమెను పిలిచి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. నిజంగా దిష్టి తగిలితే ఘాటు రాదని అమ్మ నమ్మకం. ఆ రోజు ముగ్గురమూ ఊపిరాడక దగ్గాము.

"దిష్టే లేదు గదనే! మరి గీ పిల్ల గట్లెందుకు ఏడుస్తున్నదో అడుగు."

నాకు వచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కలతో అడిగాను.

"ప్రాక్టీస్! ఇవాళ సాయంత్రమే నా మొదటి నాటకం," అంటూండగానే నోరా గొంతు బొంగురుపోయింది.

మా మిరపకాయల పొగకు ఆమె గొంతు పోయిందేమోనని సాయంత్రం దాకా గోడకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అమ్మతో కలిసి నాటకం చూడటానికి వెళ్లాను; బ్రిటిష్ వాళ్ల క్లబ్బులో తెర లేచింది. కొడుకును పోగొట్టుకున్న ముసలమ్మ వేషంలో నోరా నోరు విప్పగానే, ఆ జీర గొంతుకు సభ నిశ్శబ్దమైంది. చివర అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

తర్వాత నోరా లండన్ రంగస్థలానికీ, సినిమాలకూ వెళ్లింది. ఆమె గురించి వచ్చిన వ్యాసాలన్నీ తేదీలు సరిచూస్తూ చదివాను. తొలి నాటకం సంవత్సరం ఎవరూ తప్పు రాయలేదు. పదహారేళ్ల పిల్లకు ఆ గొంతు ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ రాయలేదు.