ఒకే పేరున్న ముగ్గురు

పోయిన నెల రాయగడలో మా అన్నయ్య కొడుకు కొత్తగా హోల్‌సేల్ దుకాణం పెడుతూ, బస్తాల మీద కూర్చుని ఫోనులోనే పన్ను రిజిస్ట్రేషన్ ఫారం నింపుతున్నాడు. తండ్రి పేరు అడిగిన చోట ఆగి, నా వ్యాపారానికి మా నాన్న పేరుతో పనేటి బాబాయ్ అని విసుక్కున్నాడు. నేను నవ్వాను గాని, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆ చిన్న గడిలోనే ఉంది. మన ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి కనుక మీతోనే చెప్పుకుంటున్నాను.

పాత అమ్మకం పన్ను పోయి వ్యాట్ రాబోతున్న రోజులవి. కొరాపుట్‌లో పెరిగి జయపురంలో కంప్యూటర్ నేర్చుకున్న నన్ను, ఒక కాంట్రాక్టు కంపెనీ రాయగడలో పన్నుల ఆఫీసుకి పంపింది. సొరంగాల్లోంచి వచ్చే పాసింజరు బండి దిగి ఆ గదిలో అడుగుపెట్టేసరికి, తొంభైల మొదట్లో కొన్న మిషన్లు ఇంకా నడుస్తున్నాయి: నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, అచ్చు చెరిగిపోయిన మీటలు, వానాకాలంలో బూజు పట్టే ఫ్లాపీలు. గుమాస్తాలు పొద్దున్నే మిషను మీది గుడ్డ తీసి దణ్ణం పెట్టుకుని గాని స్విచ్చి వేసేవారు కాదు. సరుకు తెప్పించుకోవడానికి కావలసిన వేబిల్లు ఫారం కోసం వర్తకులు వారం పది రోజులు తిరిగేవారు. ఆ పాత వివరాలన్నీ కొత్త కంప్యూటర్లలోకి ఎక్కించడం నా పని. అక్కడ బడబాబు, అంటే హెడ్ గుమాస్తా, మా పెదనాన్నే, ఈ అన్నయ్య తండ్రి. పగలంతా ఆయన్ని అందరిలాగే బాబుగారూ అనేవాణ్ణి, సాయంత్రం ఆయనింట్లోనే పెద్దమ్మ పెట్టిన చారన్నం తినేవాణ్ణి. ఆ ఏడే ఆయనకి సూపరింటెండెంటుగా కొరాపుట్‌కి ప్రమోషను రావలసి ఉంది. పెద్దమ్మ అప్పుడే కొరాపుట్ చలికి రగ్గులు కొనేసింది కూడా.

పాత మిషనులో వర్తకుడి నంబరు, పేరు, వీధి తప్ప మరేమీ పట్టేది కాదు. నంబర్లు వేరైనా ఒకే పేరు, ఒకే వీధి రెండు మూడుసార్లు కనిపిస్తే, గుమాస్తాలు పాతది దిద్దే ఓపిక లేక మళ్లీ ఎక్కించిన నకళ్లని తీర్మానించి, ఒకటి ఉంచి మిగతావి తుడిచేసే ప్రోగ్రాం రాశాను. తుడిచే ముందు ఒక్కసారి తనతో కూర్చోమని పెదనాన్న రెండుసార్లు చెప్పారు. నాకు తీరిక లేదన్నాను.

వారం తిరక్కుండానే, కొత్త జాబితాలో యజమాని నంబరు లేదని చెక్‌పోస్టు దగ్గర ఉల్లిపాయల లారీ ఒకదాన్ని ఆపేశారు. దాని యజమానిది బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన ఆఫీసుకి వచ్చి కేకలేమీ వెయ్యలేదు.

“మీ మిసను లెక్కలో నేను పుట్టనే లేదంట. మరి మా ఆడది ఎవుణ్ణి పెళ్లి సేసుకున్నట్టు?” అన్నాడు.

గుమాస్తాలందరూ నవ్వారు. నేను పాత ఫ్లాపీ పెట్టి ఆ పేరు వెతికాను. మనవాళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకోవడం ఆచారం కదా. ఆ ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ తమ పెద్దకొడుకులకి తండ్రి పేరే పెట్టారు, ఆ ముగ్గురు మనవలూ ఒకే వీధిలో మూడు దుకాణాలు తెరిచారు. నేను ఇద్దర్ని తుడిచేశాను. అలాంటి ఇళ్లు ఆ బజారులో ఇంకెన్నో. పరాయివాడు చేసిన పొరపాటైతే తెలియక చేశాడనుకోవచ్చు. పెదనాన్న నన్ను వరండాలోకి తీసుకెళ్లి మెల్లగా అడిగారు.

“నీదీ అన్నయ్యదీ ఒకే పేరు కదరా. ఒకడ్నే ఉంచమంటే మీ పెద్దమ్మ ఎవుణ్ణి ఉంచాలి?”

ఆయనే చేత్తో ఉత్తరం రాసి, అధికారి సంతకం పెట్టించి, గుమాస్తాని బస్సులో పంపి ఉల్లిపాయలు కుళ్లకముందే లారీ విడిపించారు. తర్వాత అటక మీది పాత రిజిస్టర్లు దించి, ఫలానావాడి తండ్రి కుంటుతూ నడిచేవాడు, ఫలానావాడి అత్తవారిది పార్వతీపురం అంటూ ఒక్కొక్క మనిషినీ నాకు విడదీసి చెప్పారు. తుడిచినవన్నీ తిరిగి ఎక్కించాం. కొత్త ప్రోగ్రాంలో తండ్రి పేరుకి ఒక గడి పెట్టమన్నది ఆయనే.

కొత్త కంప్యూటర్ల ప్రారంభోత్సవం నాడు బజారంతా ఆఫీసు ముందే ఉంది. పెదనాన్న కిటికీ దగ్గర నిలబడి, తండ్రి పేరు పెట్టి ఒక్కొక్కర్నీ పిలిచారు. ఉల్లిపాయల వర్తకుడు చేతిలోని టీ పూర్తికాకముందే ఫారం అందుకుని, దాన్ని తలమీదికెత్తి, “ఇయ్యాల పుట్టేనర్రా” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పది రోజుల పని ఒక టీ తాగే వేళలో అయిపోయిన ఆ గెలుపు ఇప్పటికీ నా ఒంట్లో పులకరింపు తెస్తుంది. భువనేశ్వర్ నుంచి వచ్చిన పెద్ద అధికారి నాకు శాలువా కప్పారు.

నిజం చెప్పాలంటే, లారీ ఎందుకు ఆగిందని కొరాపుట్ పై ఆఫీసు అడిగినప్పుడు, హెడ్ గుమాస్తా రికార్డులు సరిగా ఉంచకపోవడం వల్ల అని రాసి పంపింది నేనే. శాలువా కప్పిన వారానికి పెదనాన్నకి మెమో వచ్చింది. నేనే రాశానని ఆయనకి తెలుసు. పొరపాటు తనదేనని జవాబు రాసి, నావైపు చూసి ఒక్క మాటన్నారు.

“నువ్వు కాంట్రాక్టోడివి, తీసేస్తే పోతావు. నన్నేటి సేస్తారు?”

ఏం చేశారంటే, ప్రమోషను ఆపేశారు. ఆయన బడబాబుగానే రిటైరయ్యారు. రగ్గులు విప్పకుండానే పెట్టెలో ఉండిపోయాయి. ఆయన పోయేదాకా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను: ఆయన రికార్డులు సరిగానే ఉన్నాయి. తప్పు నాది, గెలుపు ఆయనది. ఇది అచ్చుకి పంపే ముందు పెద్దమ్మకీ అన్నయ్యకీ చదివి వినిపించాను.

ఇప్పుడు కిటికీ లేదు, పిలిచేవాళ్లూ లేరు. ఎవరి కొడుకెవరో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఫోనే అడిగి రాసుకుంటుంది. ఆ రోజు మా అన్నయ్య కొడుకు ఫారం పంపగానే, వివరాలు సరిగా ఉన్నాయంటూ తెర మీద వాడి పేరు వచ్చింది. వాడికి పెట్టింది వాళ్ల తాత పేరే.