అక్షరాలు లోపలికి

మొన్న మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళి, పేరు పిలిచేదాకా కుర్చీలో కూర్చోలేక, ఆసుపత్రి నడవాలో అటూ ఇటూ నడుస్తున్నాను. గోడ పొడవునా నడుము ఎత్తున ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంది. ఆసరాకి చెయ్యి వేస్తే చల్లగా, నున్నగా, చేప వీపులా అరచేతి కింద జారిపోతోంది. మలుపు దగ్గర గోడ అంచుకి కూడా మెత్తటి తొడుగు తొడిగారు. వేలితో నొక్కి చూస్తుంటే ఒక నర్సమ్మాయి "ఏంటండీ, ఏమన్నా పోయిందా?" అని నవ్వింది. దేవసహాయం మేస్త్రి గారు దీన్ని చూస్తే మెచ్చుకునేవారా, లేక మేకులేవని అడిగేవారా అని ఆలోచిస్తున్నానమ్మా అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ పేరు ఆ అమ్మాయికి తెలియదు. ఇది చదువుతున్న మీకూ తెలియదు. ఆయన రాజమండ్రిలో, గోదావరి గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక పాత ఆసుపత్రికి వడ్రంగి. తలుపులూ గోడలూ మూలలూ రోజూ తినే దెబ్బల నుంచి వాటిని కాపాడటమే ఆయన కొలువు.

ఎనభైల మొదట్లో నేను ఆ ఊళ్ళో ఒక దినపత్రికలో కొత్త విలేకరిని. మా పేజీలు పల్చటి అల్యూమినియం ప్లేట్ల మీదికి ఎక్కించి అచ్చువేసేవారు. పని అయిపోయిన ప్లేట్లు పెరట్లో గోడకి చేరగిలబడి ఉండేవి. మధ్యాహ్నం ఎండ వాటి మీద పడి, వసారా కప్పు మీద నీటి నీడలా కదులుతుండేది. ఆ వెలుగులోకి ఒకరోజు సైకిలు దిగి వచ్చారాయన. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, నలభై ఐదేళ్ళుంటాయేమో.

"ఈ అచ్చు రేకులు మాకిప్పించండి బాబూ. ఆసుపత్రి తలుపులకి కావాలి."

"తలుపులకి వార్తలెందుకండీ?" అన్నాను, తెలివిగా మాట్లాడాననుకుని.

"వార్తలు కాదండి. తలుపులకి తన్నులెక్కువండి. ఆయ్!"

మా మేనేజరు గారు తీసుకెళ్ళమన్నారు. అప్పటినుంచి ప్రతి శనివారం ఆయన రావడం, ప్రమాదాల వార్తల కోసం నేను రోజూ ఆసుపత్రికి వెళ్ళడం, అలా మా స్నేహం కుదిరింది.

ఆయన గోడలు చదివేవారు. మోకాలి ఎత్తున సున్నం లేచిపోతే అది భోజనాల బండి. నడుము ఎత్తున పొడుగ్గా గీత పడితే స్ట్రెచరు. అలాంటి చోట తాటి బద్దని పట్టులా చిత్రిక పట్టి, బండి తగిలే ఎత్తు సరిగ్గా కొలిచి బిగించేవారు. మూలలకి లారీ టైరు ముక్కలు. బీరువా తలుపు వెళ్ళి గోడని కొట్టే చోట కొబ్బరి పీచు నింపిన చిన్న మెత్త. ఆపరేషన్ గది బయట మాత్రం, తల ఎత్తున, గోడంతా నల్లగా నూనె మరకలు. లోపల తమవాళ్ళుంటే బయట గంటల తరబడి జారగిలబడ్డ మనుషుల తలలవి. వాటికి ఏమీ కొట్టేవారు కాదు. "ఇది దెబ్బ కాదండి. మనిషి ఆనుకోడానికే కదండీ గోడ" అనేవారు. ఆ గదికి వెళ్ళే దారిలో ఒక ఇరుకు మలుపు ఉండేది. ప్రతి ట్రాలీ అక్కడ తగిలేది, తగిలినప్పుడల్లా దాని మీద పడుకున్న మనిషి మూలిగేవాడు. ఆ మూలకి టైరు ముక్క ఒకటి కాదు, మూడు వరసలు వేశారు. అయినా ట్రాలీ చక్రాల చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా గొంతెత్తేవారు: "నెమ్మది నాన్నా, మలుపు చూసుకుని!"

ఒకసారి పైఅధికారి ఒకాయన 'తలుపులు కాలితో తన్నరాదు' అని బోర్డు రాయించి తెచ్చారు. మేస్త్రి గారు దాన్ని భక్తిగా అందుకుని, వెనక్కి తిప్పి, కొలత చూసి, మందుల గదికి అరగా వేసేశారు. నేను నవ్వితే కోప్పడ్డారు. "చేతులు ఖాళీ లేనోడే కదండీ కాలితో తోసేది? ఒక చేతిలో బేసిను, ఒక చేతిలో సెలైను. దెబ్బ కొట్టేవాళ్ళు చెడ్డవాళ్ళయితే నాకు పని తేలికండి, కేకలేసి మానిపించొచ్చు. ఇక్కడ గోడలు పాడుచేసేదంతా మంచి చెయ్యడానికి పరిగెత్తేవాళ్ళే." ఆ మాట అప్పుడు ఆసుపత్రి గురించే అనుకున్నాను.

మా ప్లేట్లని తలుపు కింది భాగానికి కొట్టేటప్పుడు ఆయన ఎప్పుడూ అక్షరాలున్న వైపు చెక్కకి ఆనించి, ఖాళీ వైపు బయటికి పెట్టేవారు. నిన్నటి ఊరంతా ఆ రేకుల వెనక, చీకట్లో, చెక్కకి మొహం పెట్టి నిద్రపోతున్నట్టు ఉండేది నాకు. అచ్చు వైపు బయటికి ఉంటే అందం కదా అని అడిగాను.

"అక్షరాలు బయటికుంటే తలుపు మాట్లాడుద్దండి. ఆసుపత్రి తలుపు నోరు మూసుకోవాలి."

ఆ ఏడాది వర్షాలకి నది మధ్యనున్న లంక నుంచి వస్తున్న నాటుపడవ ఒకటి గోదాట్లో మునిగింది. మొదటి పేజీలో, నా పేరుతో వచ్చిన నా మొదటి వార్త అదే. చనిపోయినవాళ్ళ పేర్లు వరసగా రాశాను. ఆ వరసలో వీర్రాజు అనే మనిషి నాలుగోవాడు. అతని భార్య సత్యవతి బతికింది. పడవకీ ఒడ్డున రాళ్ళకీ మధ్య కాలు నలిగి, ఇదే ఆసుపత్రిలో మేడ మీద ఉంది. ఒంట్లో రక్తం లేదు, జ్వరం. అది తగ్గితే గానీ ఆపరేషన్ చెయ్యలేమని, అప్పటిదాకా మొగుడి సంగతి చెవిన వెయ్యొద్దని డాక్టరు గారు అందరికీ చెప్పారు. నీ మొగుడు కాకినాడ పెద్దాసుపత్రిలో ఉన్నాడని ఆమె అన్నయ్య అబద్ధమాడాడు. ఇదంతా నాకు తెలుసు.

తెలిసే ఆ పని చేశాను. శనివారం కింది ఆడవాళ్ళ వార్డు తలుపు దగ్గర మేస్త్రి గారు రేకు కొలిచి పెట్టుకుని, ఎక్కడో ట్రాలీ చక్రం ఊడిందంటే వెళ్ళారు. చూస్తే అది నా పేజీ. నా పేరు నల్లగా మెరుస్తోంది. సుత్తి అక్కడే ఉంది. అచ్చు వైపు బయటికి పెట్టి మేకులు కొట్టేశాను. వరండాలో నడిచేవాళ్ళు చూస్తారని మురిసిపోయాను. నేను చూసింది మూసిన తలుపుని. పొద్దున్నే ఆ తలుపుని లోపలికి తెరిచి గోడకి ఆనిస్తారనీ, అప్పుడు ఆ అక్షరాలు వార్డు వైపు తిరుగుతాయనీ తట్టలేదు.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి వార్డులో మంచాలు చాలక కింద పరుపులు వేసి ఉన్నాయి. రాత్రి సత్యవతిని మేడ మీద నుంచి దింపి, సరిగ్గా ఆ తలుపుకి ఎదురుగా పరుపు మీద పడుకోబెట్టారు. తలుపుకీ ఆమెకీ మధ్య, రేకుకి వీపు ఆనించి, మేస్త్రి గారు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో తాటి బద్ద. అప్పటికే అద్దంలా ఉన్న దాన్ని ఇంకా చిత్రిక పడుతున్నారు. చుట్టూ పొట్టు తెల్లగా పోగుపడింది.

"జరగండి బాబాయి గారూ" అంటోంది సత్యవతి. "పెద్దక్షరాలు కంటికి అందినయ్యి, పడవ అని ఉంది. చిన్నవి అందట్లేదు. మా పడవేనా?"

"నాకు చదువు రాదు తల్లీ."

ఆదివారం చర్చిలో నిలబడి వాక్యం చదివే మనిషి ఆయన. ఆ పూట చర్చి గంట మోగినా ఇక్కడినుంచి లేవలేదు.

ఆమె కళ్ళు నా మీద పడ్డాయి. "ఈ బాబుగారి జేబులో పెన్నుంది. ఈయన చదువుతారు."

మేస్త్రి గారు నన్ను చూశారు. రేకు ఎవరు కొట్టారో అడగలేదు. జానెడు పక్కకి జరిగి, చోటిచ్చి, మెల్లగా అన్నారు: "చదవండి బాబూ. మలుపు చూసుకుని."

నేను రాసిన వార్త నేనే చదివాను. కిటికీలోంచి వాన వెలుతురు పడుతోంది, పొట్టు వాసన, ఎక్కడో చంటిపిల్ల ఏడుపు. గోదావరి పోటు మీద ఉందని, పడవలో మనుషులు ఎక్కువయ్యారని చదివాను. పేర్ల దగ్గరికి వచ్చాను. మొదటి పేరు, రెండోది, మూడోది. తర్వాత ఐదో పేరు చదివాను.

"అంతేనాండీ?"

"అంతేనమ్మా."

"మా ఆయన పేరు రాలేదు" అని, కళ్ళు మూసుకుంది. రేకు వంకరగా ఉంది, తిప్పి కొట్టాలి అని మేస్త్రి గారు పైకి అంటూ మేకులు పీకారు. రేకుని నేను పట్టుకున్నాను. ఆయన తన చెయ్యి నా చేతి మీద ఉంచి మరీ సుత్తి వేశారు.

జ్వరం తగ్గింది. ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన పూట ఆ ఇరుకు మలుపులో ట్రాలీ ముందు భాగాన్ని మేస్త్రి గారే పట్టుకున్నారు. ఆ తర్వాత వారానికి వాళ్ళ అన్నయ్య ఆమెకి నిజం చెప్పాడు.

ఇంటికి వెళ్ళేరోజు గేటు దగ్గర రిక్షాలో కూర్చుని నన్ను పిలిచింది. "మూడో పేరు తర్వాత మీకు గుటక పడింది బాబుగారూ. ఆ ఆగిన చోటే మా ఆయన ఉన్నాడని అప్పుడే తెలిసిపోయింది" అంది. రిక్షా కదలబోతుంటే మళ్ళీ అంది: "బాబాయి గారికి చెప్పకండి. పాపం, నాకోసం చదువు రానోడయ్యాడు."

మేస్త్రి గారు ఉద్యోగం దిగిపోయాక ఒకసారి చూడటానికి వెళ్ళాను. మాటల మధ్య ఉన్నట్టుండి అడిగారు. "ఆ లంక అమ్మాయి అప్పట్లో ఏమీ కనిపెట్టలేదు కదండీ?"

"లేదండి" అన్నాను, ఈసారి గుటక పడకుండా. ఆయన తృప్తిగా తలూపి, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

ఉద్యోగమంతా పేర్ల జాబితాలు దిద్దుతూనే గడిచింది. ప్రతి పేరు దగ్గరా, దీన్ని ఎవరు, ఎక్కడ పడుకుని చదువుతారో అని ఒక్క క్షణం ఆగే అలవాటు ఈనాటికీ పోలేదు. ఈ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. మేస్త్రి గారు పోయిన ఏడు వెళ్ళిపోయారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ఉండగా రాస్తే చదివేసేవారు. ఆయనకి చదువు వచ్చు.