ఆరు కార్డులు, ఒక్క ఓటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చేతిలో సుత్తి పట్టుకుని బతికేవాడికి అది పనికిరాదని నాకు ఒమన్‌లోని బహ్లాలో తెలిసింది. మా వైపు ఆ దేశమంతటినీ మస్కట్ అనే అంటారు.

అక్కడ మా రూమ్‌లో ఎనిమిది మందిమి, అందరం నిజామాబాద్ వైపు వాళ్లమే. నేను స్లాబులకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్‌ని. ఊళ్లో మా పార్టీ సభ్యత్వ నమోదు మొదలు కాగానే అక్కడి నుంచే రూమ్‌వాళ్ల వెంటపడి ఫోన్‌లో చేర్పించాను. ఓటీపీ ఇంటి దగ్గరి నంబరుకు వచ్చేది, భార్యలు చదివి చెప్పేవాళ్లు. నాతో కలిపి ఆరుగురికి కార్డులు వచ్చాయి. కార్డుతో ప్రమాద బీమా వస్తుందనే సగం మంది చేరారు. అయినా నేను మీసం మెలేశాను. లక్షల్లో సభ్యులుంటే సీట్లు ఎక్కడికి పోతాయని రోజూ అన్నం దగ్గర అందరి బుర్రలూ తినేవాణ్ణి. ఊరికి పోతే తప్ప మాలో ఒక్కడూ ఓటు వేయలేడన్న సంగతి నా తలకెక్కనే లేదు.

అసెంబ్లీ ఓట్లు లెక్కపెట్టిన రోజు, మధ్యాహ్నం సైట్‌లో టిఫిన్‌లు విప్పేసరికి ఫలితం తేలిపోయింది. మా జిల్లాలో మా పార్టీకి ఒక్క సీటూ రాలేదు. పక్కన టైల్స్ మేస్త్రీ కూర్చున్నాడు. మా పక్క ఊరివాడు, నాకంటే చిన్న, నేను చేర్పించిన వాళ్లలో ఒకడు. ఫోన్ చూసి నవ్వాడు.

"అన్నా, మన సభ్యులు లచ్చల మంది అంటివి గద. అందరు మనలెక్క మస్కట్‌లనే ఉన్నరా?"

అందరూ పగలబడి నవ్వారు. నేను టిఫిన్ డబ్బా అతని ముఖాన కొట్టాను. పెదవి చిట్లింది. అతను నా గల్లా పట్టుకున్నాడు, ఇద్దరం ఇసుకలో పడి దొర్లాం. చేతికి సుత్తి తగిలింది. తల మీదికే ఎత్తాను. అతను ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. విని కూడా ఇంకోసారి కొట్టాను.

నలుగురు నన్ను వెనక్కి గుంజారు. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. నిజం తెలిస్తే పోలీసులు, జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం. మేస్త్రీ ఒక్క మాట అంటే చాలు, నా బతుకు అయిపోయినట్టే. నెత్తురోడుతున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండా, టైల్స్ పెట్టె చేతి మీద పడిందని ఫోర్‌మన్‌కు హిందీలో చెప్పాడు. ఎందుకలా చెప్పావని ఆసుపత్రిలో అడిగాను. నా కోసం కాదట, నా పిల్లల ముఖం చూసి చెప్పాడట.

వేళ్లు వంకరగా అతుక్కున్నాయి. టైల్ ఎత్తితే జారిపోయేది. రెండు నెలలు చూసి కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది.

కొన్ని నెలలకు పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ రోజు అతనే ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది.

"ఆరు కార్డులల్ల ఓటు పడ్డది నాదొక్కటే అన్నా. నువ్వు చెయ్యి ఇరగ్గొట్టి పంపితివి గని, లేకుంటే గది గూడ పడకపోతుండె."

ఎవరికి వేశావని అడగబోయి, చెయ్యి ఎలా ఉందని అడిగాను.