బ్లాగులో దాచిన లోపలి సరుకు

చిలకలగూడలో మా నాయిన స్టీలు సామాన్ల దుకాణంలో కింది అర ఒకటి నాది. పాత పట్టుచీరల అంచులతో నేను కుట్టే సంచులు అందులో ఉండేవి. ఆ అర ఊరికే రాలేదు. అన్నం దగ్గరా గల్లా దగ్గరా బేరమాడి గెలిచాను. నాయిన మాత్రం దీపావళి ముందు గిన్నెల గిరాకీ దాకానే గడువు పెట్టాడు.

"ధన్‌తేరస్ దాకా చూస్త బిడ్డా. అప్పటికి నీ సంచులు కదలకుంటే ఆ జాగల డబ్బాలు పెట్టుకుంట. పండుగ పూట గిన్నెలు నెత్తిన పెట్టుకొని అమ్మాల్నా ఏంది?"

హైటెక్ సిటీకి పోయే కంపెనీ బస్సులు మా వీధి చివరే ఆగేవి. మెడలో కార్డులు వేలాడేసుకున్న అమ్మాయిలు మా వైపు తల తిప్పకుండా ఎక్కిపోయేవారు. వాళ్ళు రాకపోతే నేనే వాళ్ళ కంప్యూటర్లలోకి పోతానని నెట్ సెంటర్‌లో కూర్చుని బ్లాగు తెరిచాను. టైపింగ్ రానివాళ్ళకు గంట డబ్బుకే గంటా పదిహేను నిమిషాలు ఇవ్వాలని సెంటర్ యజమానిని ఒప్పించాకే కుర్చీలో కూర్చున్నాను.

బ్లాగులో సరుకు ఎలా పెట్టాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకున్నాను. దుకాణంలో పెరిగినదాన్ని. మా పద్ధతి ఒకటే: మంచివి ముందు చూపించకూడదు. మామూలువి పరచాలి, గిరాకీ కళ్ళు ఎటు పోతున్నాయో కనిపెట్టాలి, "లోపల ఇంకోటుంది, మీకోసం తీస్తా" అంటూ అప్పుడు లేవాలి. అందుకే మంచి సంచులను వెనకగది ట్రంకు పెట్టెలోనే ఉంచి, వెలిసిన రంగులవి ఫోటోలు తీసి పెట్టాను. ఒక్కోదాని కింద అది ఏ చీర నుంచి వచ్చిందో రాశాను. "మంచివి లోపలున్నాయి, అడగండి" అని చివర చేర్చాను. చదివినవాళ్ళు "నైస్" అని రాసి వెళ్ళిపోయారు. ఒక్కరూ అడగలేదు. కంప్యూటర్‌లో గిరాకీ కళ్ళు ఎక్కడ వెతకను?

దసరా అయ్యాక ఒక సాయంత్రం, బస్సు దిగిన అమ్మాయి నేరుగా దుకాణంలోకి వచ్చింది. బ్లాగు చూసి వచ్చానంది. అరలోని సంచులు తిప్పి చూసి కింద పెట్టింది.

"ఇవన్నీ బ్లాగుల చూసినవే కదక్కా."

వెళ్ళబోతూ ఆగింది. గోడమేకుకు నా టిఫిన్ సంచి వేలాడుతోంది. ఎరుపు మీద ఆకుపచ్చ మామిడిపిందెల అంచు.

"అదెంత?"

"అది నాదమ్మా. లోపల అసొంటివి ఇంకున్నయ్, తీస్త."

"మరి ఎందుకు దాచినవ్ అక్కా? ఫోటోలు చూసి, రావుడే టైం వేస్ట్ అనుకున్న. బస్సు ఈడనే ఆగుతది గాబట్టి వచ్చిన. ఇవి పెడితే మా ఆఫీసుల అందరికీ లింకు పంపేదాన్ని కదా!"

గల్లా వెనక నాయిన దగ్గాడు. ఆ దగ్గు నవ్వని నాకు తెలుసు. "నేను నేర్పిన దుకాణదారీ మస్తుగ నిలబెట్టినవ్ పో."

మర్నాడు ట్రంకు పెట్టె మొత్తం బ్లాగులోకి ఎక్కించాను. అన్నిటికన్నా మంచిది అన్నిటికన్నా పైన. ఆ బొత్తాం నొక్కుతుంటే మా వంశం మొత్తం నా వెనక నిలబడి తల కొట్టుకుంటున్నట్టే ఉంది. అయినా నొక్కాను. "బేరం కామెంట్లలో" అని మాత్రం రాశాను. పుట్టుబుద్ధిని అంతకన్నా మార్చలేకపోయాను.

ధన్‌తేరస్ నాటికి కార్డుల అమ్మాయిలు నా అర ముందు గుంపుగా కూర్చున్నారు. నాయిన డబ్బాలు మోసుకొచ్చి, వాళ్ళను లేపలేక, వాటిని మెట్ల మీద పేర్చాడు.

"జెర జరుగుండ్రమ్మా, నేను సుత అమ్ముకోవాలె."

ఆయన గల్లా మూయకముందే పై అర కోసం బేరం షురూ చేశాను.